కుక్కకు దగ్గు టీకా: ఎప్పుడు అవసరం, ఎప్పుడు కాదు

పశువైద్య సలహాలు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

సంక్రాంతి ప్రయాణాలు దగ్గరపడుతున్నందువల్ల కాబోలు, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం కుక్కల అంటుదగ్గు గురించి, అంటే అందరూ కెన్నెల్ కాఫ్ అని పిలిచే జబ్బు గురించి, దాని టీకా గురించి ఉన్నాయి. అందుకని ఈ నెల శీర్షికను ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా ఇంట్లో మూడేళ్ల లాబ్రడార్ ఉంది. ఏటా నైన్ ఇన్ వన్ టీకా, రేబిస్ టీకా తప్పకుండా వేయిస్తున్నాం. ఈ సంక్రాంతికి బెంగళూరులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళుతూ, కుక్కను వారం రోజులు రాజమహేంద్రవరంలో ఒక బోర్డింగులో ఉంచాలనుకుంటున్నాం. కెన్నెల్ కాఫ్ టీకా వేయించినట్టు పుస్తకంలో ఉంటేనే చేర్చుకుంటామని వారంటున్నారు. ఇన్ని టీకాలు వేయిస్తుండగా మళ్ళీ ఇదొకటి ఎందుకు, డబ్బు కోసం అడుగుతున్నారేమో అని మా వారి అనుమానం. వేయించక తప్పదంటే ముక్కులో చుక్కలు మంచివా, ఇంజెక్షన్ మంచిదా?
ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, బోర్డింగు వారు అడుగుతున్నది న్యాయమైన మాటే. ఆ షరతు పెట్టని చోట కుక్కను వదలవద్దని నేను మీకు చెప్పవలసి ఉంటుంది.

ఈ దగ్గు ఒక్క క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదు. బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా అనే బాక్టీరియా, పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్, అడినోవైరస్‌లో రెండో రకం దీనికి ముఖ్య కారణాలు కాగా, కుక్కల శ్వాసకోశ కరోనా వైరస్, మైకోప్లాస్మా వంటివి కూడా వాటికి తోడవుతుంటాయి. వీటిలో బోర్డెటెల్లా మన పిల్లలకు కోరింత దగ్గు తెచ్చే బాక్టీరియాకు దగ్గరి చుట్టం. కోరింత దగ్గు క్రిమిని 1906లో వేరుచేసి చూపిన జూల్స్ బోర్డే అనే శాస్త్రవేత్త పేరే ఈ జాతి మొత్తానికీ పెట్టారు. కుక్క శ్వాసనాళం లోపలి పొర మీద కంటికి కనిపించనంత సన్నని నూగు ఉంటుంది. అది ఎప్పుడూ కదులుతూ, లోపలికి వెళ్ళిన దుమ్మును, కఫాన్ని గొంతు వైపు తోసివేస్తూ ఉంటుంది. బోర్డెటెల్లా నేరుగా ఆ నూగునే పట్టుకొని దాని కదలికను ఆపివేస్తుంది. కఫం అక్కడే నిలిచిపోయి, నాళం ఒరిసిపోయి, కుక్క గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు ఖంగుఖంగుమని పొడిదగ్గు దగ్గుతుంది, చివరన వాంతి చేసుకోబోతున్నట్టు ఓకరించి తెల్లని నురుగు కక్కుతుంది. గొలుసు లాగినా, నీళ్ళు తాగినా, పరుగెత్తినా దగ్గు ఎక్కువవుతుంది. ఎముక ఇరుక్కుందేమో అని భయపడి నోట్లో చేయి పెట్టి వెదికినవారు, అరటిపండు మింగించినవారు చాలామంది తరువాత ఆసుపత్రికి వచ్చినప్పుడు చూస్తే కారణం ఈ దగ్గే అయి ఉంటుంది.

మీరు ఏటా వేయిస్తున్న నైన్ ఇన్ వన్ టీకాలో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, విరేచనాలతో పిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్, అడినో, పారాఇన్‌ఫ్లుయెంజా, లెప్టోస్పైరా వంటి వాటికి రక్షణ ఉంటుంది, కాని సాధారణంగా బోర్డెటెల్లా ఉండదు. సీసా మీద అంటించిన కాగితం చదివితే మీకే తెలుస్తుంది. పారాఇన్‌ఫ్లుయెంజా ఉన్నప్పటికీ, చర్మం కింద ఇచ్చిన టీకా రక్తంలో రక్షణ కల్పించినంత బలంగా ముక్కులో, శ్వాసనాళంలో కల్పించలేదు. ఈ జబ్బు గాలి ద్వారా, తుంపరల ద్వారా, ఒకే గిన్నెలో నీళ్ళు తాగడం ద్వారా అంటుకుంటుంది కనుక కాపలా అవసరమైనది ముక్కు ద్వారం దగ్గరే. అందుకే రెండు రకాలూ దొరికే చోట నేను ముక్కు టీకాకే మొగ్గు చూపుతాను.

ముక్కు టీకాలో ఉండేది బలహీనపరిచిన సజీవ బోర్డెటెల్లా. చాలా వాటిలో దానితోపాటు పారాఇన్‌ఫ్లుయెంజా వైరస్ కూడా ఉంటుంది. ఒక్క డోసు చాలు. బోర్డెటెల్లా నుంచి రక్షణ సుమారు 3 రోజులలో మొదలవుతుంది, పారాఇన్‌ఫ్లుయెంజా నుంచి రక్షణకు మాత్రం సుమారు 3 వారాలు పడుతుంది. ఆ తరువాత ఏడాది వరకు పనిచేస్తుంది. ఇంజెక్షన్ రూపంలో వచ్చే బోర్డెటెల్లా టీకా అయితే మొదటిసారి వేయించుకునే కుక్కకు 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు డోసులు కావాలి, రెండో డోసు పడిన వారానికి గాని దాని మీద భరోసా పెట్టుకోలేము. మీ కుక్కకు ఇంతకు ముందు ఎన్నడూ ఈ టీకా వేయించలేదు. ఇంజెక్షన్ ఒక్క డోసు వేయించి, పుస్తకంలో ముద్ర కొట్టించుకొని బోర్డింగులో దింపితే కాగితం ఉంటుంది, రక్షణ ఉండదు. భోగికి మూడు నాలుగు రోజుల ముందు బయలుదేరుతారనుకుంటే, డిసెంబరు 20లోగా ముక్కు టీకా వేయించండి. అలా చేస్తే దానిలోని రెండు భాగాలూ పనిచేయడానికి తగినంత వ్యవధి దొరుకుతుంది. ప్రయాణం రోజు ఉదయం వేయించి మధ్యాహ్నానికి దింపివచ్చే పద్ధతి వల్ల ప్రయోజనం లేదు.

చిన్న ఊళ్ళలో ఈ టీకా ఎప్పుడూ నిల్వ ఉండదు, కాబట్టి మీ డాక్టరుగారికి వారం ముందే చెప్పి తెప్పించమనండి. టీకా వేసేటప్పుడు కుక్కను మీ కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకొని ఒక చేత్తో మూతిని కాస్త పైకెత్తి పట్టుకుంటే, డాక్టరుగారు సూది లేని సిరంజితోగాని, దాని కొసకు తగిలించే మెత్తని గొట్టంతోగాని ముక్కు రంధ్రంలో చుక్కలు వేస్తారు. కంపెనీని బట్టి అది అర మిల్లీలీటరు లోపు నుంచి ఒక మిల్లీలీటరు వరకు ఉంటుంది. కుక్క వెంటనే తల విదిలించి తుమ్ముతుంది, కాస్త బయటికి చిమ్ముతుంది. అది చూసి టీకా అంతా పోయిందని కంగారుపడవలసిన పని లేదు, మళ్ళీ వేయవలసిన అవసరమూ లేదు. తరువాత కొద్ది రోజుల్లో ముక్కు కారడం, తుమ్ములు, చిన్న దగ్గు కొన్ని కుక్కలలో కనిపించి వాటంతట అవే తగ్గుతాయి. ఆ రోజుల్లో గొలుసును మెడ బెల్టుకు కాక ఛాతీ చుట్టూ ఉండే హార్నెస్‌కు తగిలించండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ముక్కులో వేయవలసిన ఈ మందును పొరపాటున కూడా సూదితో చర్మం కింద ఇవ్వకూడదు. అలా ఇచ్చిన చోట పెద్ద చీముగడ్డ ఏర్పడటమే కాక, కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా వైద్య గ్రంథాలలో నమోదై ఉన్నాయి. టీకా వేసేముందు సీసా మీద ఏమి రాసి ఉందో ఒకసారి చూపించమని అడగడానికి మొహమాటపడకండి, మంచి వైద్యులెవరూ దానికి నొచ్చుకోరు. వేసిన తరువాత సీసా మీది చీటీని మీ పుస్తకంలో అంటించి, తేదీ వేసి, సంతకం చేయించుకోండి. బోర్డింగు వారు చూసేది దాన్నే.

టీకా వేయించారని బోర్డింగును చూడకుండా ఊరుకోవద్దు. ముందుగా ఒకసారి వెళ్ళి, కుక్కలను ఉంచే గదుల్లోకి గాలి బాగా ఆడుతున్నదో లేదో, నీళ్ళ గిన్నెలు విడివిడిగా ఉన్నాయో లేదో, దగ్గుతున్న కుక్కను వేరుగా ఉంచే చోటు ఉందో లేదో చూసుకోండి. పుష్యమాసం చలికి, మంచుకు కిటికీలన్నీ మూసి పదేసి కుక్కలను ఒకే హాలులో పెట్టే చోట టీకా ఒక్కటే మీ కుక్కను కాపాడలేదు.

ప్రశ్న: మా లాబ్రడార్ కుక్కకు ముక్కులో కెన్నెల్ కాఫ్ టీకా వేయించిన రెండు నెలలకే దగ్గు వచ్చింది. టీకా వేసిన రోజుల్లో దానికి చర్మవ్యాధికి మాత్రలు కూడా వాడుతున్నాం. టీకా నాసిరకమా, లేక డబ్బు దండగేనా?
ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: మీ ఉత్తరంలోనే జవాబు కొంత ఉంది. ఆ మాత్రలు యాంటీబయాటిక్ అయి ఉంటే, సజీవ బాక్టీరియాతో చేసిన టీకాను ఆ మందే చంపివేసి ఉండవచ్చు. యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు ఈ టీకా వేయకూడదు. కోర్సు పూర్తయి, మందు ఒంట్లోంచి పోయాక వేయించాలి. ఈ సంగతి డాక్టరుగారు అడగకపోయినా మీరు చెప్పి తీరాలి, ఎందుకంటే చర్మానికి మందు రాసినవారు ఒకరు, టీకా వేసేవారు మరొకరు అయి ఉండడం మన వద్ద మామూలే.

ఆ మాత్రలు యాంటీబయాటిక్ కాకపోయినా దగ్గు వచ్చే అవకాశం ఉంది. ఇన్ని రకాల క్రిములలో టీకాలో ఉన్నవి రెండో మూడో మాత్రమే. ఉన్నవాటి విషయంలోనైనా ఈ టీకా జబ్బును పూర్తిగా రానివ్వకుండా అడ్డుకుంటుందని ఎవరైనా చెబితే అది నిజం కాదు. అది చేసే మేలు ఏమిటంటే, మూడు వారాలు రాత్రింబగళ్ళు దగ్గవలసిన కుక్క నాలుగు రోజులు దగ్గి ఊరుకుంటుంది, జబ్బు ఊపిరితిత్తులకు దిగి న్యుమోనియాగా మారే ప్రమాదం తగ్గుతుంది, పక్క కుక్కలకు పంచే క్రిముల మోతాదు తగ్గుతుంది. నేను దీనిని తక్కువ మేలు అనుకోను. అయితే రేబిస్ టీకా మీద, పార్వో టీకా మీద పెట్టుకునేంత నమ్మకాన్ని దీని మీద పెట్టుకొని నిరాశపడవద్దు.

ప్రశ్న: భీమవరం దగ్గర మా రొయ్యల చెరువుల గట్టు మీద కాపలాకు నాలుగు నాటు కుక్కలున్నాయి. పది రోజుల క్రితం వేరే చెరువు నుంచి ఒక కుక్కను తెచ్చి వాటితో కలిపాం. అది దగ్గుతూ వచ్చింది, ఇప్పుడు రెండో కుక్క కూడా దగ్గుతోంది. నాలుగింటికీ వెంటనే దగ్గు టీకా వేయించమంటారా? ఇంతవరకు వీటికి ఏ టీకాలూ వేయించలేదు.
ఒక రైతు, ఉండి మండలం

సమాధానం: వేయించవద్దు. ఆ డబ్బుతో మరింత అవసరమైన పని ఒకటి ఉంది, దాన్ని చివర చెబుతాను.

క్రిమి సోకిన తరువాత లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు పట్టవచ్చు. కనుక మీ కుక్కలలో దగ్గనివి కూడా ఈపాటికే జబ్బును ఎక్కించుకొని ఉండవచ్చు. దగ్గుతున్న కుక్కకు టీకా మందు కాదు. ముందు చేయవలసింది దగ్గుతున్న రెంటినీ మిగతా వాటి నుంచి వేరుచేయడం. గట్టుకు ఒక కొసన ఉన్న మకాం దగ్గర ఒకదాన్ని, రెండో కొసన ఒకదాన్ని కట్టేసినంత మాత్రాన సరిపోదు. వాటి గిన్నెలు వేరుగా ఉండాలి, అన్నం పెట్టే మనిషి ముందు బాగున్న కుక్కలకు పెట్టి, ఆ తరువాత దగ్గుతున్న వాటి దగ్గరకు వెళ్ళి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడర్ మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. దాన్ని నీళ్ళలో పలుచగా కలిపి గిన్నెలను, అవి పడుకునే చోటును కడిగించి, వాసన పోయేదాకా ఆరనివ్వండి. మేత బస్తాలు పెట్టే గదిలో కుక్కలను పడుకోనివ్వకండి, ఆ పొడి, దుమ్ము దగ్గును పెంచుతాయి. మెడకు నైలాన్ తాడు కట్టి ఉంటే వెంటనే తీసివేయండి. గట్టు మీది కుక్కలకు మెడ తాడు ఒరుసుకొని పుండుపడి ఉండడం నేను చాలాచోట్ల చూశాను. అటువంటి గొంతుతో దగ్గడం ఎంత బాధో ఊహించండి.

చలాకీగా ఉండి, తిండి తింటున్న కుక్కకు చాలాసార్లు మందులే అవసరం లేదు. వారం పది రోజుల నుంచి మూడు వారాల లోపు దగ్గు తగ్గిపోతుంది. అయినా బోర్డెటెల్లా కుక్క శ్వాసనాళంలో దగ్గు తగ్గిన తరువాత కూడా వారాల తరబడి, ఒక్కోసారి రెండు మూడు నెలలు దాకా ఉండగలదు కనుక కొత్త కుక్కలను ఇప్పట్లో తెచ్చి కలపవద్దు. తిండి మానేసినా, నీరసంగా పడుకుండిపోయినా, ముక్కునుంచి పసుపు పచ్చని చీము వస్తున్నా, పడుకొని ఉన్నప్పుడు నిమిషానికి నలభైసార్లకు మించి ఊపిరి తీస్తున్నా, జ్వరం 103 డిగ్రీల ఫారన్‌హీట్ దాటినా అది న్యుమోనియా కావచ్చు, ఆలస్యం చేయకుండా పశువైద్యశాలకు తీసుకువెళ్ళాలి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 దాకా ఉంటుంది. మన లెక్కలో చూసి జ్వరమనుకోవద్దు. యాంటీబయాటిక్ అవసరమైనప్పుడు సాధారణంగా డాక్సీసైక్లిన్‌తో మొదలుపెడతాం, మోతాదు బరువును బట్టి డాక్టరుగారే నిర్ణయించాలి. చెరువుల కోసం కొన్న మందులను కుక్కలకు వాడవద్దు.

ఇక చివరి మాట. ఈ దగ్గు తగ్గాక నాలుగింటికీ రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరా కలిసిన టీకా వేయించండి. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా, తడి మట్టి ద్వారా అంటుకుంటుంది. వరిచేలు, కాలువలు, చెరువు గట్ల బొరియలు నిండిన మన డెల్టాలో గట్టు కుక్క రోజంతా బతికేది ఆ నీటిలోనే. కుక్కకు సోకితే కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి, దాని మూత్రం ద్వారా గట్టు మీద పనిచేసే మనుషులకూ రావచ్చు. దీని టీకా మొదటిసారి 2 నుంచి 4 వారాల ఎడంతో రెండు డోసులు, తరువాత ఏటా ఒకటి. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు, ఈ జబ్బు ఉన్న దేశాలలో లెప్టోస్పైరా టీకాను తప్పనిసరి టీకాల వరుసలోకి చేర్చాయి. బోర్డెటెల్లా టీకాను మాత్రం కుక్క జీవన విధానాన్ని బట్టి ఎంచుకోవలసిన వాటిలోనే ఉంచాయి. గట్టు దాటి ఎక్కడికీ పోని మీ కుక్కల విషయంలో ఆ వరుస సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్న: కాకినాడలో ఒక షాపులో యాభై రోజుల పగ్ పిల్లను కొన్నాం. ఇంటికి తెచ్చిన నాలుగో రోజు నుంచి దగ్గుతోంది, కళ్ళకు పుసి కడుతోంది, నిన్నటి నుంచి విరేచనాలు. దగ్గు టీకా ఎంత చిన్న వయసు నుంచి వేయవచ్చు?
ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: టీకా ప్రశ్నను పక్కనపెట్టి, ఈ ఉత్తరం చదివిన రోజే పిల్లను ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దగ్గుతోపాటు కళ్ళ పుసి, విరేచనాలు కనిపిస్తే డిస్టెంపర్ కాదని నిర్ధారించుకునేదాకా నిద్రపోకూడదు. డిస్టెంపర్‌లో మొదట ఇలాగే ఉండి, కొన్ని వారాల తరువాత దవడ అదరడం, కాళ్ళు ఎగరడం, మూర్ఛలు మొదలుకావచ్చు. ఆ దశలో మేము చేయగలిగింది చాలా తక్కువ. పైగా పగ్ ముక్కు చప్పిడిది, గాలి దారి ఇరుకు. వాటికి మామూలు దగ్గు కూడా న్యుమోనియాగా మారడానికి ఎక్కువ సమయం పట్టదు. ఇంట్లో ఇతర కుక్కలుంటే వాటికి దూరంగా ఉంచండి.

పిల్ల కోలుకున్న తరువాత అసలు టీకాలు మొదలుపెట్టవచ్చు. డిస్టెంపర్, పార్వో కలిసినది 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకొకసారి వేస్తూ, చివరి డోసు 16 వారాలు నిండాక పడేటట్టు చూడాలి. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ పిల్ల ఒంట్లో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు, అది ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు కనుక ఇన్నిసార్లు వేస్తాం. రెండు డోసులు వేసి ఆపివేసినందువల్ల నాలుగో నెలలో పార్వోతో పోయిన పిల్లలు ఎన్నో. రేబిస్ టీకా 12 వారాలకు. ముక్కులో వేసే దగ్గు టీకాకు తల్లి రక్షణ అడ్డు రాదు, కొన్ని కంపెనీల టీకాను 3 వారాల పిల్లకు కూడా వేయవచ్చు. దగ్గుతున్న పిల్లకు మాత్రం వేయకూడదు.

ప్రశ్న: మా అత్తగారికి క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతోంది. ఇంట్లో ఉన్న స్పిట్జ్ కుక్క ఆమె మంచం దగ్గరే పడుకుంటుంది. దానికి దగ్గు టీకా వేయిస్తే ఆమెకు ప్రమాదమా? కుక్క దగ్గు మనుషులకు అంటుతుందా?
ఒక పాఠకురాలు, రాజోలు

సమాధానం: ఆరోగ్యంగా ఉన్న మనిషికి కుక్క దగ్గు అంటుకోవడం చాలా అరుదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారిలో, అంటే కీమోథెరపీ తీసుకుంటున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు వంటివారిలో, బోర్డెటెల్లా బ్రాంకిసెప్టికా ఊపిరితిత్తులకు సోకిన సందర్భాలు ఉన్నాయి. ముక్కు టీకాలో ఉన్నది సజీవ బాక్టీరియా, టీకా వేసిన తరువాత కొన్ని వారాలపాటు కుక్క ముక్కు నుంచి అది బయటికి వస్తుండవచ్చు. కాబట్టి మీ ఇంట్లో ముక్కు టీకా వద్దు. కుక్క బయట కుక్కలతో కలవని పక్షంలో అసలు దగ్గు టీకాయే అవసరం లేదు, కలుస్తుందంటే రెండు డోసుల ఇంజెక్షన్ టీకా వేయించండి. దానిలో సజీవ బాక్టీరియా ఉండదు. కుక్క ఎప్పుడైనా దగ్గినట్టయితే తగ్గేదాకా ఆమె గదిలోకి రానివ్వకండి, ఆమెకు వైద్యం చేస్తున్న డాక్టరుగారికి ఇంట్లో కుక్క ఉన్న సంగతి చెప్పండి. ఇది చదివి కుక్కను ఎవరికో ఇచ్చివేయవలసిన అవసరం లేదు. ఆ జబ్బులో ఉన్న పెద్దావిడకు మంచం పక్కన ఆ కుక్క ఉండడం ఎంత ఊరటో మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: మా పామరేనియన్‌కు పదకొండేళ్ళు. రెండు నెలలుగా రాత్రిళ్ళు దగ్గుతోంది. బయటికి ఎక్కడికీ తీసుకువెళ్ళం. దగ్గు టీకా వేయిస్తే తగ్గుతుందా?
ఒక పాఠకుడు, పాలకొల్లు

సమాధానం: తగ్గదు. ఇతర కుక్కల ముఖం చూడని ముసలి కుక్క రెండు నెలలుగా రాత్రిపూట దగ్గుతున్నదంటే అంటుదగ్గు కంటే గుండె జబ్బు, లేదా శ్వాసనాళం నొక్కుకుపోవడం ఎక్కువ సంభవం. చిన్న జాతి కుక్కలలో వయసు మీరాక గుండె కవాటం బిగువు తప్పి గుండె పెరిగి, ఊపిరితిత్తులలో నీరు చేరడం తరచుగా చూస్తాం. ఛాతీ ఎక్స్‌రే తీయించి, గుండె చప్పుడు వినిపించండి. అంతదాకా నిద్రలో ఉన్నప్పుడు దాని ఊపిరిని నిమిషంపాటు లెక్కపెట్టి కాగితం మీద రాసుకోండి. 30 దాటుతూ రోజురోజుకూ పెరుగుతుంటే మరుసటి రోజుకు వాయిదా వేయకండి.

ప్రశ్న: ముమ్మిడివరం వైపు లంక గ్రామం మాది. మేము కొందరం కలిసి ఊళ్ళోని వీధి కుక్కలకు అన్నం పెడుతుంటాం. వరదల సమయంలో అవన్నీ ఏటిగట్టు మీద చేరి, పదిహేను రోజులు గుంపుగా ఉంటాయి, చాలా కుక్కలు దగ్గుతాయి. చందాలు వేసుకొని దగ్గు టీకా వేయిద్దామనుకుంటున్నాం. మంచి ఆలోచనేనా?
లంక గ్రామ యువకులు

సమాధానం: బాబూ, మీ ఆలోచన వెనక ఉన్న దయకు నమస్కరిస్తున్నాను. గుంపు, తడి, ఆకలి కలిసిన చోట ఈ దగ్గు పాకడం గురించి మీరు గమనించింది అక్షరాలా నిజం. అయినా ఆ చందా డబ్బు దగ్గు టీకాకు కాక రేబిస్ టీకాకు ఖర్చుపెట్టండి. దగ్గు వచ్చిన వీధి కుక్క చాలావరకు తానే కోలుకుంటుంది. రేబిస్ లక్షణాలు బయటపడితే కుక్క గాని, అది కరిచిన మనిషి గాని బతకడం లేదు. వరద రోజుల్లో అదే గట్టు మీద మనుషులు, పిల్లలు, గొడ్లు, కుక్కలు పక్కపక్కనే ఉంటారు. ఆ సమయంలో ఒక్క పిచ్చికుక్క గుంపులో చేరితే పడవ దొరకడమే కష్టమైన లంకలో ఏం చేస్తారు?

ఏటా జూలై 6న, 1885లో లూయీ పాశ్చర్ మొదటిసారి ఒక బాలుడికి రేబిస్ టీకా ఇచ్చిన రోజుకు గుర్తుగా, జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం, జరుపుతారు. ఆ రోజు పశుసంవర్ధక శాఖ ఆసుపత్రులలో కుక్కలకు ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. గోదావరికి పెద్ద వరదలు వచ్చేది జూలై, ఆగస్టు నెలల్లోనే కనుక, వరదకు ముందే పని పూర్తిచేయడానికి ఆ తేదీ మీకు కలిసివస్తుంది. జూన్‌లోనే మీ మండల పశువైద్యాధికారిని కలిసి, కుక్కలు ఎన్ని ఉన్నాయో చెప్పి, మీ ఊరికే వచ్చి వేసేటట్టు మాట్లాడండి. మీరు రోజూ అన్నం పెట్టే కుక్కలు మీ చేతికి లొంగుతాయి, పట్టుకునే పని సగం తగ్గుతుంది, అది కొత్తవారెవరూ చేయలేని సాయం. వాటిని పట్టుకునే మీరు కూడా ముందుజాగ్రత్తగా రేబిస్ టీకా వేయించుకోవడం మంచిది. ఎవరినైనా కుక్క కరిస్తే ఆకు పసర్లు, సున్నం, కారం పెట్టకుండా, కారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు పుండు కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. దగ్గు విషయానికి వస్తే, గట్టు మీద అన్నం ఒకే చోట కుప్పగా పోయకుండా దూరదూరంగా పెట్టడం, దగ్గుతున్న వాటికి వేరుగా పెట్టడం చేస్తే చాలు.

ప్రశ్న: దగ్గుతున్న కుక్కకు పిల్లలకు వాడే దగ్గు సిరప్ పోయవచ్చా?
ఒక పాఠకురాలు, ద్రాక్షారామం

సమాధానం: వద్దు. కొన్ని సిరప్‌లలో పారాసిటమాల్ ఉంటుంది, చక్కెరలేని కొన్నింటిలో కుక్కలకు విషమైన జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. పైగా కఫంతో కూడిన దగ్గును మందుతో అణచివేస్తే ఆ కఫం ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతుంది. డాక్టరుగారు చూసి ఇచ్చిన మందే వాడండి.

ప్రశ్న: మా ఊళ్ళో పశువైద్యుడు లేరు. నరసాపురంలో మందుల షాపులో టీకా కొని, కవరులో వేసుకొని తెచ్చి, ఇంజెక్షన్లు వేసే ఆయనతో ఇంట్లోనే వేయించవచ్చా? ఫ్రిజ్‌లో దాస్తే ఎన్నాళ్ళు ఉంటుంది?
ఒక పాఠకుడు, మొగల్తూరు మండలం

సమాధానం: టీకాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. ఎండలో బస్సు కిటికీ పక్కన కవరులో అరగంట ప్రయాణించిన టీకా సీసా చూడటానికి ఏ మార్పూ లేకుండా ఉంటుంది, లోపలి మందు మాత్రం పనికిరాకుండా పోయి ఉండవచ్చు. ఐసు ముక్కలను నేరుగా సీసాకు తగిలేటట్టు పెట్టినా తప్పే, గడ్డకట్టినా కొన్ని టీకాలు చెడిపోతాయి. మూత బిగువుగా ఉన్న చిన్న థర్మోకోల్ పెట్టెలో ఐసు ప్యాకు పెట్టి, దాని మీద గుడ్డ మడతపెట్టి, ఆపైన సీసాను ఉంచి తీసుకురావాలి. ఫ్రిజ్‌లో అయితే తలుపు అరల్లో కాకుండా మధ్య అరలో, గడ్డకట్టే అరకు దూరంగా ఉంచాలి. తుపాను రోజుల్లో గంటల తరబడి కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉన్న టీకాను నేనైతే నా కుక్కకు వేయించను.

దగ్గు టీకా వంటివి పొడిగా వస్తాయి, వేసే ముందు దానితో ఇచ్చిన ద్రవంలో కలిపి వెంటనే వాడాలి. కలిపి ఉంచి సాయంత్రం వేద్దామంటే పనిచేయదు. ఇంతకుముందు చెప్పినట్టు ముక్కులో వేయవలసిన దాన్ని అలవాటు కొద్దీ సూదితో పొడిచే ప్రమాదం కూడా ఇంటి దగ్గర వేయించడంలోనే ఎక్కువ. టీకా వేసిన కొద్ది నిమిషాలలో ముఖం వాచి, వాంతులై, కుక్క కూలిపోయే అలర్జీ అరుదుగా వస్తుంది. అప్పుడు ప్రాణం నిలబెట్టే ఇంజెక్షన్ చేతిలో ఉన్న మనిషి పక్కన ఉండాలి. అందువల్ల టీకాను కొని తెచ్చుకునే బదులు కుక్కనే నరసాపురం తీసుకువెళ్ళి ఆసుపత్రిలో వేయించి, అక్కడే అరగంట కూర్చొని తిరిగి రండి. ఆటోలో తీసుకువెళ్ళేటప్పుడు ఇతర కుక్కల పక్కన కూర్చోబెట్టకుండా, ఆసుపత్రిలో మీ వంతు వచ్చేదాకా బయట చెట్టు నీడన ఉంచండి. అక్కడికి వచ్చే కుక్కలలో దగ్గుతున్నవి కూడా ఉంటాయి.